ఊళ్ళో ఉండిపోతే తప్పా?

ఆఖరి సంవత్సరం చదువుతున్న విద్యార్థిని మన వైపు ఎవరూ "ఏం చేద్దామనుకుంటున్నావు?" అని అడగరు. "ఎప్పుడు వెళుతున్నావు?" అని అడుగుతారు. ఎక్కడికి అన్నది చెప్పనక్కరలేదు. హైదరాబాదో, బెంగుళూరో, అదీ కాకపోతే విశాఖపట్నమో అని అడిగేవారికీ తెలుసు, వినేవారికీ తెలుసు. వెళ్ళడమనేది ముందే ఖాయమైపోయింది. ఇక మిగిలింది ముహూర్తం ఒక్కటే. "ఇక్కడే ఉందామనుకుంటున్నానండి" అని ఎవరైనా అన్నారనుకోండి, అవతలివారి ముఖంలో ఒక రకమైన జాలి కనిపిస్తుంది. "పోనీలే బాబూ, వచ్చే ఏడు మళ్ళీ ప్రయత్నించు" అంటారు, పరీక్ష తప్పినవాణ్ణి ఓదార్చినట్టు.

ఈ జాలి మీదే నా ఫిర్యాదు.

ముందుగా ఒక మనవి. ఎవరూ ఊరు విడిచి వెళ్ళవద్దని చెప్పడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. వెళ్ళినవారు ద్రోహులు, ఉన్నవారు త్యాగమూర్తులు అనే ఉపన్యాసాలు మనం వార్షికోత్సవాల్లో చాలా విన్నాం. ఆ ఉపన్యాసాలిచ్చే పెద్దల పిల్లలు ఎక్కడున్నారో కూడా మనకు తెలుసు! నేను చెప్పొచ్చేది చాలా చిన్న సంగతి. వెళ్ళడమూ నిర్ణయమే, ఉండటమూ నిర్ణయమే. రెంటికీ లెక్క కావాలి, రెంటికీ తయారీ కావాలి. ఇవాళ వెళ్ళేవాడు లెక్క వేసుకోకుండా వెళుతున్నాడు. ఉండేవాడు సిగ్గుపడుతూ ఉంటున్నాడు. ఈ రెండూ మారాలని నా అభిప్రాయం.

మాది చింతలపూడి. తెలియని మిత్రుల కోసం చెబుతున్నాను: ఏలూరుకి ఉత్తరాన సుమారు 50 కిలోమీటర్లు. గోదావరి జిల్లా అనగానే కాలవలు, కొబ్బరిచెట్లు, వరిచేలు గుర్తొస్తాయి గదా, మాది ఆ గోదావరి జిల్లా కాదు. మాది మెట్ట. కాలవ నీరు చూడాలంటే మేం బస్సెక్కాలి. రైలు చూడాలన్నా బస్సే ఎక్కాలి. పొద్దున్నే సత్తుపల్లి వైపు వెళితే టీ తాగే వేళకు తెలంగాణలో ఉంటాం. 2022 ఏప్రిల్‌లో పశ్చిమ గోదావరి నుంచి విడదీసి మమ్మల్ని కొత్త ఏలూరు జిల్లాలో కలిపారు. మొన్నటిదాకా గ్రామ పంచాయతీ, ఇప్పుడు నగర పంచాయతీ. బోర్డు మారింది. కుర్రవాళ్ళను అడిగే ప్రశ్న మాత్రం మారలేదు.

అయితే మన పూర్వులు కదలకుండా కూర్చున్నవారనీ, వలస అనేది మన తరంతోనే వచ్చిందనీ అనుకుంటే పొరపాటు. తెలుగువాడు ఏనాడూ కదలని మనిషి కాదు. కోరంగి, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి రంగూను వెళ్ళినవారు వేలకొద్దీ ఉన్నారు. మనవాళ్ళు దాన్ని 'రంగం' అనేవారు. అక్కడ రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. 1930లో రంగూను రేవు దగ్గర రేగిన అల్లర్లలో దెబ్బతిన్నది ఎక్కువగా మన తెలుగు కూలీలే. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక, 1942లో కాలినడకన అడవులూ కొండలూ దాటుకుంటూ తిరిగి వచ్చినవారిలో మనవాళ్ళు ఎందరో. దారిలోనే పోయినవారూ ఎందరో.

1931లో నిజాంసాగర్ పూర్తయింది. డెల్టాలో ఎకరం రెండెకరాలు అమ్ముకుని, ఆ డబ్బుతో బోధన్, నిజామాబాద్ వైపు అంతకు ఎన్నో రెట్లు భూమి కొన్న రైతులున్నారు. 1953లో తుంగభద్ర ఆనకట్ట నీళ్ళిచ్చాక గంగావతి, సింధనూరు ప్రాంతాలకు వెళ్ళి నల్లరేగడిని వరిమళ్ళు చేసిన వాళ్ళున్నారు. ఈనాటికీ అక్కడ వాళ్ళ ఊళ్ళ పేర్ల చివర 'క్యాంపు' అని ఉంటుంది. తరాలు మారినా క్యాంపు క్యాంపే! తరువాత రోజుల్లో నరసాపురం, పాలకొల్లు, భీమవరం ప్రాంతాల నుంచి ఇళ్ళల్లో పనికి కువైట్ వెళ్ళిన తల్లులు ఎందరో. కట్టుకున్న డాబా ఇక్కడ, కట్టించిన మనిషి అక్కడ.

వీరందరిలో ఒక పోలిక ఉంది. ఎందుకు వెళుతున్నారో వాళ్ళకు ఖచ్చితంగా తెలుసు. నీరున్న భూమి కోసం, కూలి డబ్బు కోసం, అప్పు తీర్చడం కోసం, కూతురి పెళ్ళి కోసం. వెళ్ళనివాడు చేతకానివాడని ఎవరూ అనలేదు. అన్నదమ్ములు నలుగురుంటే ఇద్దరు వెళ్ళారు, ఇద్దరు ఉన్నారు. వెళ్ళినవారు పంపిన డబ్బుతో ఉన్నవారు నుయ్యి తవ్వించారు. ఉన్నవారు చూసుకున్న తల్లిదండ్రుల దగ్గరకు వెళ్ళినవారు సంక్రాంతికి వచ్చారు. అది కుటుంబం వేసుకున్న లెక్క. ఇవాళ మన వెళ్ళడం ఆ పద్ధతిలో లేదు. "అందరూ వెళుతున్నారు కాబట్టి" అన్నదే కారణమైపోయింది. అది కారణం కాదు, కాలవలో కొట్టుకుపోవడం.

అసలు ఉండాలా, వెళ్ళాలా అన్న ప్రశ్న ఎంత కష్టమైనదో తెలియాలంటే మన రాజధాని కథ చూస్తే చాలు. 1953 అక్టోబరు 1న మద్రాసు నుంచి విడిపోయి కర్నూలు వెళ్ళాం. మూడేళ్ళు తిరగగానే సామాను సర్దుకుని 1956 నవంబరు 1 నాటికి హైదరాబాదు వెళ్ళాం. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. పదేళ్ళు ఉమ్మడి రాజధాని అన్నారు గానీ 2016లోనే సచివాలయం వెలగపూడికి వచ్చేసింది. 2019 డిసెంబరులో ఒకటి కాదు మూడన్నారు. 2021 నవంబరులో ఆ చట్టాలను వెనక్కి తీసుకున్నారు. 2024 జూన్ 2తో హైదరాబాదు గడువు కూడా తీరింది. మంత్రులు, కార్యదర్శులు, నిపుణుల కమిటీలు ఉన్న ప్రభుత్వానికే ఒకచోట కుదురుకోవడానికి ఇన్నేళ్ళు పడితే, ఇరవై రెండేళ్ళ కుర్రవాడు వేసవి సెలవుల్లోపు తేల్చుకోవాలట!

సరే, వెళ్ళడం వైపు వాదాన్ని కూడా నిజాయితీగా చూద్దాం. అది బలహీనమైన వాదం కాదు.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ మాట్లాడుతూ, పల్లెటూళ్ళను ఆకాశానికెత్తే మేధావులకు గట్టిగా సమాధానం చెప్పారు. పల్లె అంటే సంకుచితత్వానికీ, అజ్ఞానానికీ ఆటపట్టు అన్నది ఆయన భావం. "ఉన్న ఊరు కన్నతల్లి" అనే సామెత ఊరి నడిబొడ్డున ఇల్లున్నవాడికి తీయగా ఉంటుంది. ఊరి చివర ఇల్లున్నవాడికి అదే ఊరు మారుతల్లి. చింతలపూడి రిజర్వుడు నియోజకవర్గమే. అయినా అంతమాత్రాన ఇంటిపేరు చెప్పగానే వెంటనే వచ్చే రెండో ప్రశ్న ఆగిపోలేదు. పట్నంలో అద్దె ఇంటికి వెళితే అక్కడా ఆ ప్రశ్న ఎదురవుతుంది, నిజమే. కానీ పట్నంలో ఇల్లు మారవచ్చు. ఊళ్ళో వీధి మారలేం. అంచేత ఒక దళిత మిత్రుడు "నేను వెళ్ళి తీరతాను" అంటే, "ఊరి రుణం" అంటూ అతనికి పాఠం చెప్పే హక్కు నాకు లేదు. ఊరు అందరికీ ఒకే ఊరు కాదు.

ఆడపిల్లల సంగతి మరీ వేరు. ఉండాలా, వెళ్ళాలా అని మనం ఇంత గంభీరంగా చర్చిస్తున్నాం గదా, మన అమ్మలను ఎవరైనా ఈ ప్రశ్న అడిగారా? పెళ్ళి కాగానే పుట్టిన ఊరు విడిచి రావడం వాళ్ళకు మామూలు సంగతి. అందులో నిర్ణయం లేదు, బస్సు ఎక్కడమే ఉంది. మా బస్సులోనే వచ్చే ఒక సహాధ్యాయిని ఈ వ్యాసం సంగతి విని ఇలా అంది: "నువ్వు ఊళ్ళో ఉంటే తోట చూసుకుంటున్నాడు అంటారు. నేను ఉంటే ఇంకా సంబంధం కుదరలేదా అంటారు. నీకు ఉండటం ఒక పని. నాకు ఉండటం వెయిటింగ్ రూము." దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆమె హైదరాబాదు వెళుతోంది. తన జీతం తన చేతిలో పడే చోటికి వెళుతోంది. ఆమె నిర్ణయం సరైనదని నేను అనుకుంటున్నాను. లెక్క వేసుకుని వెళ్ళడమంటే అదే.

నేను కాదనేది లెక్క లేకుండా వెళ్ళడాన్ని. డిగ్రీ పూర్తికాగానే అమీర్‌పేటలో హాస్టలు చూసుకుని, ఏదో ఒక కోర్సులో చేరి, ఏదో ఒక ఉద్యోగం రాకపోతుందా అని కూర్చోవడాన్ని. ఇంట్లో అడిగితే "ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి" అంటారు. ఊళ్ళో అడిగితే ఇంట్లోవాళ్ళు "మావాడు హైదరాబాదులో ఉన్నాడు" అంటారు. ఏం చేస్తున్నాడన్నది ఇద్దరూ చెప్పరు. హైదరాబాదులో ఉండటమే ఒక ఉద్యోగం అయిపోయింది! ఆ ఉద్యోగానికి జీతం చింతలపూడి నుంచి, కొయ్యలగూడెం నుంచి, కైకలూరు నుంచి నెలనెలా తండ్రులు పంపిస్తున్నారు.

ఇంకో సంగతి మన విద్యార్థులు బొత్తిగా పట్టించుకోవడం లేదు. మనం ఎక్కడ ఉన్నాం అన్న దాన్నిబట్టి మనం ఎవరిమో నిర్ణయమవుతుంది. కవిత్వం చెప్పడం లేదు, చట్టం సంగతి చెబుతున్నాను. నిజాం కాలం నాటి ముల్కీ నిబంధనలు పదిహేనేళ్ళ నివాసం అడిగేవి. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు అవి చెల్లుతాయని తీర్పు చెప్పాక, జై ఆంధ్ర ఉద్యమంలో మన వైపు కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. ఆనాటి విద్యార్థుల్లో కొందరు ఇవాళ ఈ సావనీరు చదువుతున్న పూర్వ విద్యార్థులే. ఆ తరువాత 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది, రాజ్యాంగంలో 371-డి అధికరణం చేరింది, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడి 'లోకల్' అన్న లెక్క అక్కణ్ణుంచి వచ్చిందే. 2014 తరువాత హైదరాబాదు నుంచి తిరిగి వచ్చిన కుటుంబాల పిల్లలను ఇక్కడ స్థానికులుగా గుర్తించడానికి ప్రత్యేక ఉత్తర్వులు ఇవ్వవలసి వచ్చింది. పిల్లవాణ్ణి ఏ క్లాసులో ఏ ఊరి స్కూల్లో చేర్చాలన్నది కూడా వలస నిర్ణయమేనని ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు?

కాగితం మీద స్థానికత అలా ఉంటే, ఆపద వేళ అది ఎలా ఉంటుందో 2020 మార్చిలో చూశాం. లాక్‌డౌన్ ప్రకటించగానే హైదరాబాదులో హాస్టళ్ళు మూసేస్తామన్నారు. మన కుర్రవాళ్ళు, ఆడపిల్లలు మోటారు సైకిళ్ళ మీద, అద్దె కార్లలో బయలుదేరారు. జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో వందలమంది గంటల తరబడి రోడ్డు మీద నిలబడ్డారు. వెనక హాస్టలు లేదు, ముందుకు వెళ్ళే వీలు లేదు. ఎవరి తప్పు అని నేను వాదించడం లేదు, అది జబ్బు కాలం. కానీ ఆ రాత్రి ఒక సంగతి తేలిపోయింది. ఏళ్ళ తరబడి ఒక నగరంలో ఉన్నా, హాస్టలు మంచం మనది కాదు. మంచం వేరు, ఇల్లు వేరు. వెళ్ళేవారు వెళ్ళిన చోట మంచం నుంచి ఇంటిదాకా ఎన్నేళ్ళు పడుతుందో కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇక ఉండటం వైపు చూద్దాం. ఉండాలంటే ఊళ్ళో ఏముంది? ఇదే గదా అందరూ అడిగేది.

మా మెట్టలో ముప్ఫై నలభై ఏళ్ళ క్రితం పామాయిల్ తోట అంటే వింత. ఇవాళ పెదవేగి నుంచి చింతలపూడి, జంగారెడ్డిగూడెం దాకా ఎటు చూసినా అదే. దేశం మొత్తానికి పామాయిల్ పరిశోధన సంస్థ మన పెదవేగిలోనే ఉంది. 1995లో పెట్టారు. ఈ పంట ఒక చిత్రమైన పంట. మొక్క వేశాక మూడు నాలుగేళ్ళు ఆగాలి, తరువాత పాతికేళ్ళకు పైగా కాస్తూనే ఉంటుంది. కోసిన గెలను ఒక రోజులోపు ఫ్యాక్టరీకి చేర్చకపోతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పోతుంది. అంటే తోటకీ, ఫ్యాక్టరీకీ దగ్గర్లో మనిషి ఉండి తీరాలి. ఫోనులో సేద్యం కుదరదు. హైదరాబాదు నుంచి వీడియో కాల్లో గెల పండిందో లేదో చూసి చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు.

ధర సంగతి చూడండి. గెల ధర మార్కెట్లో ముడి నూనె ధరను బట్టీ, గెల నుంచి ఎంత నూనె వస్తుందన్న రికవరీ శాతాన్ని బట్టీ కడతారు. ముడి నూనె టన్ను లక్ష రూపాయలు అనుకుందాం. రికవరీలో నూటికి ఒక పాలు తేడా అంటే టన్ను గెలలకు 10 కిలోల నూనె, అంటే 1,000 రూపాయల సరుకు. సరిహద్దు అవతల అశ్వారావుపేట ఫ్యాక్టరీలో ఒక శాతం, ఇవతల ఇంకో శాతం అని మా రైతులు ఏళ్ళ తరబడి గొడవ పడుతున్నది దీని మీదే. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి నూనె మీద దిగుమతి సుంకాన్ని 20 శాతానికి పెంచింది. 2025 మే నెలాఖరులో దాన్ని 10కి తగ్గించింది. ఢిల్లీలో సంతకం పడితే చింతలపూడిలో గెల బరువు మారదు గానీ విలువ మారిపోతుంది. ఈ లెక్క అర్థం చేసుకుని రైతుకు విడమరిచి చెప్పే మనిషి ఎంతమంది ఉన్నారు ఊళ్ళో? లెక్కలు చదివినవాళ్ళంతా హైదరాబాదులో ఎవరివో లెక్కలు రాస్తున్నారు!

అలాగని అంతా బాగుందనడం లేదు. మెట్టలో సేద్యమంటే బోరు. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు ఉంది గానీ, భూమిలో నీరు ఉచితంగా పెరగదు. గోదావరి నీళ్ళు మాకు ఎత్తిపోస్తామని 2008లో మొదలుపెట్టిన చింతలపూడి ఎత్తిపోతల పథకం ఇంకా పూర్తికాలేదు. ఆ ఏడు పుట్టిన పిల్లలు కాలేజీకి వచ్చేశారు, నీళ్ళు రాలేదు. మా దగ్గర నాగిరెడ్డిగూడెంలో తమ్మిలేరు మీద రిజర్వాయరు ఉంది. వాన బాగా పడిన ఏడు నీరుంటుంది. అదే తమ్మిలేరు కిందికి పోయి ఏలూరును ముంచుతుందేమోనని భయపెట్టి కొల్లేట్లో కలుస్తుంది. పైన మాకు చాలదు, కింద వాళ్ళకు ఎక్కువవుతుంది.

కొల్లేరు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెబుతాను. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు గూళ్ళు పెడతాయి. నీళ్ళలో నిలబడ్డ చెట్లు ఎండిపోతే, అటవీశాఖవారు ఇనుప స్టాండ్లు పాతించారు. పక్షులు వాటి మీదే గూళ్ళు పెట్టి పిల్లల్ని చేసుకుంటున్నాయి. ఆటపాక అంటే ప్రేమ ఉండి కాదు, కాలు పెట్టడానికి చోటు ఉంది గనుక. మనిషికీ అంతే. "ఊళ్ళో ఉండండి బాబూ" అని ఉపన్యాసమిస్తే ఎవరూ ఉండరు. కాలు పెట్టడానికి చోటు చూపించాలి. ఆ చోట్లు కొన్ని ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నాయి. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం 2007లో వచ్చింది. తాడేపల్లిగూడెంలో నిట్ 2015లో వచ్చింది. ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. ఖమ్మం నుంచి దేవరపల్లికి వేస్తున్న కొత్త హైవే మా మెట్ట మీదుగానే పోతోంది. అయితే హైవే రెండువైపులా పనిచేస్తుందని మరచిపోకూడదు. సరుకు తొందరగా వస్తుంది, మనుషులు తొందరగా పోతారు.

ఇంతసేపూ నిర్ణయం అంటున్నాం. అసలు ఆ నిర్ణయం చేసుకునే భాగ్యమే లేనివారు మన పక్కనే ఉన్నారు. 2014లో తెలంగాణ నుంచి మన వైపు కలిపిన కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో పోలవరం ముంపు ఊళ్ళున్నాయి. అక్కడి కోయ కుటుంబాలను జంగారెడ్డిగూడెం, బుట్టాయగూడెం, జీలుగుమిల్లి ప్రాంతాల్లో కట్టిన కాలనీలకు తరలిస్తున్నారు. ఇల్లు ఇచ్చారు సరే. ఇప్పపువ్వు, చింతపండు, వెదురు ఇచ్చే అడవిని ఏ కాలనీలో కట్టగలరు? 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మీద కొల్లేట్లో ఐదో కాంటూరు లోపల చేపల చెరువుల గట్లు తెంపినప్పుడు, ఆ చెరువుల మీద కూలి చేసుకుని బతికేవారు పని వెతుక్కుంటూ ఊళ్ళు విడిచారు. కొల్లేరు బతకాలి, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ వీళ్ళను ఎవరూ "ఎప్పుడు వెళుతున్నావు?" అని ముచ్చటగా అడగలేదు. తారీఖు వాళ్ళే చెప్పారు. వాళ్ళను చూశాక, ఉండాలా వెళ్ళాలా అని ఆలోచించుకునే వీలున్న మనం ఆ ఆలోచనను తేలిగ్గా చేయడం అన్యాయమనిపిస్తుంది.

ఇంత రాసి నా సంగతి చెప్పకపోతే బాగుండదు. నాకు ఎం.కాం. పూర్తికాగానే హైదరాబాదులో ఒక కంపెనీ లెక్కల విభాగంలో పని ఇస్తామన్నారు. నెలకు 24,000. మంచి అవకాశమే. కాగితం తీసుకుని లెక్క వేశాను. హాస్టలు, తిండి, రానుపోను చార్జీలు, ఫోను, బట్టలు, పండగలకు ఊరికి రావడం అన్నీ పోతే నెలకు ఏడెనిమిది వేలు మిగులుతాయి. ఇక్కడ మాకు ఐదెకరాల పామాయిల్ తోట ఉంది, 285 చెట్లు. అన్నయ్య బెంగుళూరులో ఉన్నాడు. నేనూ వెళితే తోట కౌలుకు పోతుంది. కౌలు రైతు చెడ్డవాడని కాదు, ఏడాదికో రెండేళ్ళకో తీసుకున్నవాడు పాతికేళ్ళ చెట్టుకు పెట్టుబడి ఎందుకు పెడతాడు? నాన్నకు మోకాళ్ళ నొప్పి. గెలల లెక్క రాసుకునే పుస్తకంలో ఆయనకు అంకెలు సరిగ్గా కనిపించడం లేదు.

"తోట చూసుకోమని నేనడగను రా నాన్నా" అన్నారాయన. "ఉంటే మాత్రం సగం మనసుతో ఉండొద్దు. సగం మనసుతో ఉన్నవాడు చెట్టుకీ పనికిరాడు, ఇంటికీ పనికిరాడు." అమ్మ మాత్రం "వెళ్ళరా, నాలుగు రోజులు చూసిరా, మాకేం" అంది. అమ్మ ఇరవై ఏళ్ళ వయసులో నూజివీడు నుంచి ఈ ఊరు వచ్చింది. ఆవిడకు ఎవరూ నాలుగు రోజులు చూసే అవకాశం ఇవ్వలేదు.

నేను ఉండాలనే నిశ్చయించుకున్నాను. ఊరి మీద ప్రేమతో మాత్రమే కాదు. ప్రేమ ఒక్కటే అయితే ఆరు నెలల్లో విసుగుపుడుతుంది. మూడేళ్ళ గడువు పెట్టుకున్నాను. తోటలో అంతరపంటగా కోకో వేయడం, పదిమంది రైతుల గెలల బిల్లులు, రవాణా కోతలు సరిచూసి లెక్క చెప్పడం, బజారులో నాలుగు దుకాణాలకు జీఎస్టీ రిటర్నులు వేయడం. ఈ మూడూ కలిసి హైదరాబాదులో మిగిలే డబ్బుకు తక్కువ కాకూడదు. మూడేళ్ళకు లెక్క కుదరకపోతే పెట్టె సర్దుకుంటాను, అందులో నామోషీ ఏమీ లేదు. మరి అప్పటికి వయసు మించిపోదా అని మిత్రులు అడుగుతున్నారు. ఆ భయం నాకూ ఉంది. పట్నంలో మూడేళ్ళ అనుభవానికి సర్టిఫికెట్టు ఇస్తారు. పల్లెలో మూడేళ్ళ అనుభవానికి ఎవరిస్తారు? పెళ్ళి సంబంధాల వారు సరేసరి. "అబ్బాయి ఎక్కడ ఉంటాడు?" అన్నదానికి "ఇక్కడే" అని చెబితే కాఫీ చల్లారకముందే లేచిపోతున్నారని పెద్దమ్మ చెబుతూ ఉంటుంది. అది నేను చెల్లించవలసిన ధర. వెళ్ళేవారికీ వేరే ధర ఉంది. ధర లేని దారి ఏదీ లేదు.

అంచేత ఈ సావనీరు ద్వారా మన విద్యార్థి సంఘానికి మూడు సూచనలు చేస్తున్నాను. మొదటిది: మన నోటీసు బోర్డులో హైదరాబాదు, బెంగుళూరు కంపెనీల ప్రకటనలు మాత్రమే ఉంటున్నాయి. జిల్లాలోని ఫ్యాక్టరీలు, సహకార సంఘాలు, చేపల ఎగుమతిదారులు, నర్సరీల్లో ఉన్న ఖాళీలు కూడా అడిగి తెచ్చి అంటించండి. రెండోది: ప్రతి ఏడూ పూర్వ విద్యార్థుల సమావేశానికి అమెరికా నుంచి వచ్చినవారిని వేదిక మీద కూర్చోబెడుతున్నాం, సంతోషం. పక్కనే ఊళ్ళో ఉండి పదిమందికి పని ఇస్తున్న పూర్వ విద్యార్థికి కూడా ఒక కుర్చీ వేయండి. ఆయన వస్తే చాలామంది అనుమానాలు తీరతాయి. మూడోది: వెళ్ళేవారి కోసం. ముందు వెళ్ళినవారి పేర్లు, వాళ్ళు ఒప్పుకుంటేనే, ఒక రిజిస్టరులో పెట్టండి. కొత్తగా వెళ్ళే ఆడపిల్లకు మొదటి వారం ఎక్కడ ఉండాలో చెప్పే మనిషి ఉంటే, తల్లిదండ్రుల భయం సగం తగ్గుతుంది.

లెక్చరరుగార్లకు కూడా ఒక విన్నపం. మీరు క్లాసులో "బాగా చదివితే బయటపడతారు" అని ప్రేమతోనే అంటారు. ఆ మాటలో ఊరు ఒక నుయ్యి అయిపోతోంది, మేమంతా అందులో పడినవాళ్ళం అయిపోతున్నాం. "బాగా చదివితే ఎక్కడైనా బతుకుతారు" అనండి చాలు. వెళ్ళేవాడు ధైర్యంగా వెళతాడు, ఉండేవాడు తలెత్తుకుని ఉంటాడు.

ఇది నా అభిప్రాయం మాత్రమే. కాదనేవారు చాలామంది ఉంటారని తెలుసు. వారు హైదరాబాదులో ఉన్నా, ఆటపాకలో ఉన్నా, వచ్చే ఏటి సావనీరుకు తప్పక రాయాలని కోరుతున్నాను. మూడేళ్ళ తరువాత నా లెక్క ఏమైందో నేను కూడా రాస్తాను.